తుఫానులో సర్పంచ్‌కి చట్టం ఇచ్చిన అధికారం ఎంత? ఆడిట్ పేరా పడితే ఏం చెయ్యాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది పూసపాటిరేగ మండలంలో తీరం పక్క ఊరు. మొంథా తుఫాను అప్పుడు పంచాయతీ తరఫున జనరేటరూ జేసీబీ అద్దెకి తెప్పించారు, స్కూల్లో రెండు రోజులు భోజనాలు పెట్టించారు, అంతా కలిపి 92 వేలు అయింది. ఇప్పుడు ఆడిట్‌కి వచ్చినవాళ్ళు "కొటేషన్లు లేవు, ఎవరి ఆదేశంతో ఖర్చు పెట్టారు" అని ఆడిట్ పేరా, అంటే రాతపూర్వక అభ్యంతరం, రాసిపోయారు. అసలు ఆపద వేళ సర్పంచ్‌కి చట్టంలో ఏ అధికారమూ లేదా అని అడిగారు. ఇల్లు వదిలి రానని మొండికేసినవాళ్ళని ఏం చెయ్యాలని కూడా అడిగారు.

నేను రెవెన్యూలో ముప్పై ఏళ్ళు పైబడి చేసి రిటైరయ్యాను. సగం సర్వీసు శ్రీకాకుళం, సగం విజయనగరం. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ డ్యూటీలో ఉండగానే వచ్చాయి. చేదు మాట ముందే చెప్పేస్తాను. ఈ విషయంలో చట్టం పని మీ నెత్తిన పెట్టింది, అధికారం మాత్రం కలెక్టరు గారి టేబుల్ మీద పెట్టింది. ఆ రెండిటినీ కలిపేది ఒక్క కాగితమే. అది తుఫాను రాకముందు పుడితే మీకు కవచం, ఆ తర్వాత పుడితే అదే మీ మెడకి చుట్టుకుంటుంది.

అసలు చట్టం 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం. పంచాయతీరాజ్ చట్టం వేరే ఉంది, తాగునీరు, పారిశుధ్యం, వీధిదీపాలు లాంటి రోజువారీ బాధ్యతలు అందులోంచి వస్తాయి, కానీ తుఫాను రాత్రి అందరూ తిరగేసేది ఈ 2005 చట్టమే. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు రాశారు కదా, వాటిలో విపత్తుల నిర్వహణ అనే పద్దే లేదు. అందుకే చాలామంది సర్పంచులు ఇది రెవెన్యూవాళ్ళ పని అనుకుని ఊరుకుంటారు. అది సగమే నిజం. 41వ సెక్షన్ చూడండి. స్థానిక సంస్థ తన సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, విపత్తుకి కావలసిన సామాన్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడేలా సిద్ధంగా ఉంచాలి, తన పరిధిలో కట్టే కట్టడాలు ప్రమాణాల ప్రకారం ఉండేలా చూడాలి, దెబ్బ తగిలాక సహాయం, పునరావాసం రాష్ట్ర, జిల్లా ప్రణాళికల ప్రకారం చెయ్యాలి. 'చేయవచ్చు' అనలేదు, 'చేయాలి' అంది. కాకపోతే ఆ సెక్షన్ మొదట్లోనే ఒక మాట ఉంది: జిల్లా సంస్థ ఆదేశాలకు లోబడి. ఆ ఒక్క మాటలోనే ఉంది మీ కథంతా.

జిల్లా సంస్థ అంటే 25వ సెక్షన్ కింద ఏర్పడే జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ. కలెక్టరు చైర్‌పర్సన్, జెడ్పీ చైర్‌పర్సన్ కో-చైర్‌పర్సన్, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి వగైరా సభ్యులు. రోడ్డు మీద రాకపోకలు ఆపడం, ఫలానా చోటికి జనం వెళ్ళకూడదనడం, ప్రైవేటు లారీనో కల్యాణమండపాన్నో స్వాధీనం చేసుకోవడం (65వ సెక్షన్, తర్వాత పరిహారం ఇవ్వాలి, అది 66), ఏ శాఖ దగ్గరున్న సామాన్నైనా బయటికి తీయించడం, ఇవన్నీ ఆ సంస్థకో, అది అధికారం ఇచ్చిన అధికారికో ఉన్న పవర్లు. సర్పంచ్‌కి ఇందులో ఒక్కటీ నేరుగా లేదు. ఎవరి ట్రాక్టరో "పంచాయతీ పని మీద" అని లాక్కొచ్చి, తర్వాత ఆ ఓనరు కేసు వేస్తే దిక్కులు చూసిన పెద్దమనుషుల్ని నేను చూశాను.

కార్పొరేషన్లకి కథ కొంచెం మారింది. 2025లో వచ్చిన సవరణతో కార్పొరేషన్ ఉన్న నగరాలకి కమిషనర్ అధ్యక్షతన పట్టణ విపత్తుల నిర్వహణ సంస్థ పెట్టుకునే వీలు కల్పించారు. విజయనగరం, శ్రీకాకుళం రెండూ కార్పొరేషన్లే కాబట్టి అక్కడివాళ్ళకి అది పనికొస్తుంది. మీ ఊరికి సంబంధం లేదు, వదిలేద్దాం.

ఇప్పుడు మీ 92 వేల సంగతి. దానికి అవసరమైనది 50వ సెక్షన్. ఆపద ముంచుకొచ్చినప్పుడు సహాయానికి సామాన్లు వెంటనే కొనాల్సిందేనని జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా సంస్థ భావిస్తే, ఏ శాఖకైనా సంస్థకైనా అత్యవసర కొనుగోలుకి అధికారం ఇవ్వొచ్చు. అలా ఇచ్చాక టెండర్లు పిలవాలన్న మామూలు పద్ధతి మాఫీ అయినట్టే లెక్క. ఇంకా ముఖ్యమైనది, సామాన్లు వాడామని ఆ సంస్థ అధికారం ఇచ్చిన కంట్రోలింగ్ ఆఫీసరు ఇచ్చే సర్టిఫికెట్టే చెల్లుబాటయ్యే ఓచరు. అంటే మీ ఆడిట్ అభ్యంతరానికి మందు చట్టంలోనే ఉంది, కానీ ఆ మందు సీసా మూత మీ చేతిలో లేదు. జిల్లా సంస్థ అధికారం ఇచ్చి ఉండాలి. 'మేం సర్పంచులం, ఎమర్జెన్సీ అని తీర్మానం చేసుకున్నాం' అంటే 50 వర్తించదు.

తిత్లీ అనుభవం ఒకటి చెబుతాను, దానివల్లే ఇదంతా నాకు ఒంటబట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస వైపు తీరం దాటింది. అప్పుడు నేను ఉద్దానంలో ఒక మండలంలో డిప్యూటీ తాసిల్దారుని. తెల్లారి బయటికి వస్తే కొబ్బరిచెట్లు రోడ్డుకడ్డంగా వరసగా పడుకుని ఉన్నాయి, జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు స్తంభం ఒక్కటి నిలబడి లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకుకి నీళ్ళు ఎక్కవు, వరదనీరు చుట్టూ ఉన్నా తాగడానికి చుక్క లేదు. జనరేటర్ ఎక్కడ దొరికితే అక్కడినుంచి తెచ్చి ఊరూరా తిప్పి ట్యాంకులు నింపించాం. అద్దె వాళ్ళు చెప్పిందే ధర, బేరమాడే ఓపిక ఎవరికుంది.

నాతో పంచాయతీల్లో తిరిగిన ఒక వాటర్‌మేన్ ఉండేవాడు. ఏడో తరగతి చదివాడేమో, అంతే. వాడు వాళ్ళమ్మాయి స్కూలు నోటుబుక్కు చింపి ప్రతి ఊరికీ ఒక పేజీ రాసేవాడు: జనరేటరు ఎన్నింటికి స్టార్ట్ అయింది, ఎన్నింటికి ఆపారు, డీజిల్ ఎన్ని లీటర్లు పోశారు, ట్యాంకు ఎంత నిండింది. కింద ఆ ఊరి వీఆర్వో సంతకం, ఇంకో పెద్దమనిషి సంతకం. నాకు నవ్వొచ్చింది, "ఎందుకురా ఇదంతా, చావనీ" అన్నాను. రెండేళ్ళ తర్వాత డీజిల్ లెక్క తేలలేదని కాగితం వచ్చినప్పుడు మిగతా పంచాయతీలు జవాబు రాయలేక ఆపసోపాలు పడ్డాయి, మేము ఆ వానకి తడిసి ఉబ్బిన నోటుబుక్కు జిరాక్సు తీసి పెట్టాం, పేరా డ్రాప్ అయింది, అంటే అభ్యంతరం కొట్టేశారు. కలెక్టరు గారి ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఉత్తర్వు) కాపీ కూడా ఉంది కాబట్టి డ్రాప్ అయిందనుకోండి. ఒకటి లేకపోతే రెండోది సగం పనే చేస్తుంది.

అందుకని మీరు చెయ్యాల్సింది ఇది. తుఫాను ముందు జిల్లా నుంచి మండలాలకి ఆదేశాలు వచ్చే ఉంటాయి. ప్రొసీడింగ్స్ కావచ్చు, టెలికాన్ఫరెన్స్ మినిట్స్ కావచ్చు, "లోతట్టు గ్రామాల్లో జనరేటర్లు, జేసీబీలు సిద్ధంగా ఉంచండి, పునరావాస కేంద్రాల్లో భోజనాలు ఏర్పాటు చెయ్యండి" అని ఎంపీడీవో గారు వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ కావచ్చు. ముందు ఆ మెసేజ్ తేదీ, టైము కనిపించేలా ప్రింటు తీయించండి. తర్వాత ఎంపీడీవో ఆఫీసుకీ తాసిల్దారు ఆఫీసుకీ వెళ్ళి ఆ మెసేజ్‌కి ఆధారమైన జిల్లా ఆదేశం కాపీ రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పెట్టండి, 30 రోజుల్లో ఇవ్వాలి. భోజనాల విషయంలో మీరు తేలిగ్గా బయటపడతారని నా అంచనా, ఎందుకంటే పునరావాస కేంద్రం పెట్టమన్నది సర్కారే, అక్కడ ఎంతమంది ఉన్నారో మీ ఊరి సచివాలయం రోజూ పైకి రిపోర్టు పంపి ఉంటుంది. ఆ రిపోర్టులో తలల లెక్కా, మీ బియ్యం కూరగాయల బిల్లూ పొంతన కుదిరితే చాలు. కేంద్రంలో 140 మంది అని రిపోర్టు పంపి 300 విస్తరాకుల బిల్లు పెడితే మాత్రం నేనేమీ చెప్పలేను.

ఒక్కటి మాత్రం చెయ్యకండి, చేతులెత్తి దణ్ణం పెడతాను. ఎవరో ఒకరు వచ్చి "పాత తేదీతో తీర్మానం రాసేద్దాం, మూడు కొటేషన్లు పుట్టించేద్దాం" అంటారు. ప్రతి మండలంలో ఇలాంటి మేధావి ఒకడు ఉంటాడు. కొటేషన్ లేకపోవడం పద్ధతి లోపం, దొంగ కొటేషన్ పెట్టడం నేరం. ఇంకా దీని పైన 53వ సెక్షన్ ఉంది, విపత్తు సొమ్మో సామానో సొంతానికి మళ్ళిస్తే రెండేళ్ళ దాకా జైలు. మీరు తినలేదు, నాకు తెలుసు, కానీ దొంగ కాగితం పెట్టిన క్షణం నుంచి తిన్నవాడికీ మీకూ తేడా చూపించడం కష్టం. జరిగింది జరిగినట్టు రాసి, ఆలస్యంగానైనా పాలకవర్గం ముందు పెట్టి ఆమోదం తీసుకోండి. ఆ తీర్మానం కింద ఈ రోజు తేదీయే వెయ్యండి.

వచ్చే ఏడాదికి మాత్రం ఇలా జరగకూడదు. మన తీరానికి తుఫానులు ముహూర్తం పెట్టుకుని వచ్చినట్టు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వస్తున్నాయి: 2013 ఫైలిన్ అక్టోబరు 12, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి అదే తారీఖు, తిత్లీ అక్టోబరు 11, కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్ 2021 సెప్టెంబరు 26, మొంథా 2025 అక్టోబరు 28. కాబట్టి ఆగస్టు 15 గ్రామసభ దాటకుండా పని అయిపోవాలి. జేసీబీ గంటకి ఎంత, జనరేటరు రోజుకి ఎంత, డీజిల్ ఎవరిది, ట్రాక్టరు ట్యాంకరు ట్రిప్పుకి ఎంత, చెట్లు కోసే మెషీను మనిషితో సహా ఎంత, ఇలా ఎండలో కూర్చుని తీరిగ్గా కొటేషన్లు పిలిచి, తక్కువ రేటు ఒప్పుకున్నవాళ్ళ పేర్లు తీర్మానంలో రాయించి, కాపీ ఎంపీడీవోకి పంపి రసీదు తీసుకోండి. 41వ సెక్షన్ 'సామాన్లు సిద్ధంగా ఉంచాలి' అంటోంది కదా, తీర్మానంలో ఆ సెక్షన్ నంబరు వేసి మరీ రాయండి. బడ్జెట్‌లో దానికి ఒక పద్దు పెట్టుకోండి, 30 వేలైనా సరే. అప్పుడు తుఫాను రోజు మీరు చెయ్యాల్సింది ఒక్క ఫోను. రేటు ముందే ఖాయమైంది కాబట్టి ఆడిట్‌కి అడగడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఆ జేసీబీ అతను కూడా గాలి చూసి రేటు పెంచలేడు.

బ్లీచింగ్ లెక్క కూడా ఇలాంటిదే. వాన వెలిశాక అందరూ బస్తాలకి బస్తాలు రోడ్డు పక్కన ముగ్గులా చల్లిస్తారు, ఫోటోలు బాగా వస్తాయి. అసలు పని నీళ్ళలో. మంచి బ్లీచింగ్ అయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, అంటే 60 వేల లీటర్ల ట్యాంకుకి 150 గ్రాములు, కలిపాక అరగంట ఆగి నీళ్ళు వదలాలి. స్టాక్ రిజిస్టర్లో ఏ రోజు ఏ ట్యాంకుకి ఎన్ని గ్రాములు అని ఉంటే ఆడిట్‌కీ సరిపోతుంది, డయేరియా వస్తే మీరు నిద్రపోలేదని రుజువూ అవుతుంది.

ఇక ఇల్లు వదిలి రానన్నవాళ్ళ సంగతి. ఇది చట్టంతో తెగే విషయం కాదు, అయినా చట్టం చెబుతాను. 34వ సెక్షన్ కింద ప్రమాద ప్రాంతంలో మనుషుల కదలికల్ని నియంత్రించే అధికారం జిల్లా సంస్థది. తాసిల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారం ఇచ్చి ఉంటే కొత్త నేర ప్రక్రియ చట్టం బీఎన్ఎస్ఎస్ 163 కింద (పాత 144) ఉత్తర్వు ఇవ్వగలరు. జిల్లా సంస్థ ఆదేశం వచ్చాక కారణం లేకుండా మొరాయిస్తే 51వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష ఉంది. ఇదంతా కాగితం మీద. రాత్రి పదకొండింటికి చెవులు చిల్లులు పడే గాలిలో ఒక ముసలమ్మ పాక గుమ్మంలో కూర్చుని "నా మేకల్ని ఒగ్గీసి నేన్రాను బాబూ, అయ్యుంటే నేనుంటాను, అయ్యి పోతే నేనూ పోతాను" అంటే మీరు సెక్షన్ 51 చదువుతారా? ఆవిడ చెబుతున్నది మొండితనం కాదు, లెక్క. ఆ నాలుగు మేకలే ఆవిడ బ్యాంకు. హుద్‌హుద్ అప్పుడు ఒక ఊళ్ళో ఇది చూశాక, ఆ తర్వాత ప్రతిసారీ జనానికి ముందు పశువుల్ని తోలించేవాణ్ణి. మధ్యాహ్నానికే మిట్ట మీదికి పశువులు వెళ్ళిపోతే సాయంత్రానికి మనుషులు వాళ్ళంతట వాళ్ళే వెనకాల వచ్చేస్తారు. మత్స్యకారుల ఇళ్ళయితే ముందు బోట్లూ వలలూ పైకి లాగించండి, ట్రాక్టరు మీరే ఇప్పించండి. ఆ ట్రాక్టరు రేటు కూడా ఆగస్టు తీర్మానంలో ఉండాలి.

తుఫాను షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి. నేను పనిచేసిన ఒకచోట షెల్టర్ తలుపు తీయించేసరికి లోపల ఎవరివో ధాన్యం బస్తాలు నేల నుంచి కిటికీ దాకా ఉన్నాయి. జనం వరండాలో, బస్తాలు హాల్లో. ఆ రాత్రి నేను అరిచిన అరుపులు ఇంకా ఆ ఊళ్ళో చెప్పుకుంటారట. తాళాలు రెండు సెట్లు, ఒకటి సచివాలయంలో, ఒకటి షెల్టర్ పక్కింట్లో ఉండాలి. పెళ్ళిళ్ళకి ఇస్తే ఇవ్వండి, వాడకంలో ఉంటేనే భవనం బతుకుతుంది, గొడౌన్‌గా మాత్రం ఇవ్వకండి.

నష్టపరిహారం జాబితాల గురించి మీరు అడగలేదు, కానీ వచ్చే గొడవ అదే కాబట్టి చెబుతున్నాను. జాబితా రాసేది పంచాయతీ కాదు, నష్టం లెక్కగట్టే ఎన్యూమరేషన్ టీములు. కానీ తిట్లు మీకే. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం ప్రాణం పోతే 4 లక్షలు, మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000, గుడిసె పోతే 8,000, పాలిచ్చే ఆవు గేదె పోతే 37,500, మేక గొర్రె అయితే 4,000, పడవ పూర్తిగా పోతే 15,000, వల పూర్తిగా పోతే 4,000. పంటకి 33 శాతం పైన నష్టం ఉంటేనే, అదీ రెండు హెక్టార్ల వరకే. రాష్ట్రం తన జీవోలతో ఒక్కోసారి కొంత కలుపుతుంది. వల రేటు చూసి మీ ఊరివాళ్ళు నవ్వుతారు, కొత్త వల ఎంతో వాళ్ళకి తెలుసు. కౌలు రైతుల పేర్లు జారిపోయేది ఎక్కువగా ఈ-క్రాప్ పంట నమోదులోనూ సీసీఆర్‌సీ కార్డు (కౌలు రైతుకిచ్చే సాగు హక్కు పత్రం) దగ్గరా, అది తుఫాను తర్వాత సరిదిద్దే పని కాదు, నాట్లప్పుడే చూసుకోవాలి.

చనిపోయిన పశువు ఫోటో తీసి పశువైద్య సహాయకుడి చేత రాయించకుండా పూడ్చేస్తే డబ్బు రాదు, పూడ్చకుండా మూడు రోజులు ఉంచితే ఊరు కంపు. రెండూ గంటలో అయ్యేలా చూసేది మీ పంచాయతీయే. జాబితా సచివాలయం గోడకి అంటించిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి, మర్నాటికి కొత్త పేర్లు కలిసిన సందర్భాలు నేను చూశాను. అబద్ధపు క్లెయిము పెడితే 52 కింద రెండేళ్ళ దాకా జైలని ఆ గోడ మీదే పెద్ద అక్షరాలతో రాయించండి. సహాయం ఇచ్చేటప్పుడు కులం, మతం, ఆడా మగా తేడా చూపకూడదని 61 చెబుతోంది, దీన్ని మీరు వేరే రాయించక్కర్లేదు గానీ భోజనాల బంతి దగ్గర మీరే నిలబడి చూడండి.

మీ ఎంపీడీవో గారు ఆదేశం కాపీ ఇవ్వడానికి తాత్సారం చేస్తే కంగారుపడి పోట్లాటకి దిగకండి, ఆయనకీ పైనుంచి టెన్షన్ ఉంటుంది. అధికారి విధి నిర్వహణ వదిలేస్తే 56 కింద శిక్ష ఉందన్న సంగతి ఆయనకి మీకంటే బాగా తెలుసు. రాతపూర్వకంగా అడిగి, ముద్ర వేసిన రసీదు తెచ్చుకోండి, అదే చాలు.

ఆడిట్ స్లిప్ మీద అసలు ఏ మాటలు రాశారో, పేర్లూ ఊరూ కొట్టేసి ఇక్కడే పెట్టండి. 'కొటేషన్లు లేవు' అని మాత్రమే రాశారా, 'ఖర్చు అనుమతించదగినది కాదు' అని రాశారా, ఆ రెండిటికీ జవాబు రాసే తీరు వేరు. జేసీబీ అతని బిల్లులో గంటలు రాసి ఉన్నాయో లేదో కూడా చూసి చెప్పండి.